హరిశ్చంద్ర కాటి సీనులో క్రీస్తు కనబడితే తప్పేటి?

చంపావతి:
గజపతినగరం దగ్గర మా ఊళ్ళో అమ్మవారి పండక్కి హరిశ్చంద్ర నాటకం వేశారు. ఆ ఆదివారం మా పాస్టరుగారు కాటి సీను మీదే వాక్యం చెప్పారు. దేవుని స్వరూపం కలిగిన క్రీస్తు దాసుని రూపం ధరించాడని ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది కదా, రాజు కాటికాపరి అయిన కథ విన్నవాళ్ళకి అది తొందరగా అర్థమవుతుందన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సంఘంలో కొందరికి నచ్చలేదు, ఊళ్ళోవాళ్ళకీ నచ్చలేదు. మీరేటంటారు?

పద్యాలపిచ్చి:
హరిశ్చంద్రుడు ఎవరి పాపాలకీ బలి కాలేదండీ. మాటిచ్చాడు, విశ్వామిత్రుడి బాకీ తీర్చడానికి ఆలినీ బిడ్డనీ అమ్మాడు, తనూ అమ్ముడుపోయాడు. అది సత్యవ్రతం. అయినా చివర్న కత్తి కింద తల పెట్టింది చంద్రమతి. ఆవిడ ఊసు మీ పాస్టరుగారు ఎత్తారా?

నాగావళి ఒడ్డు:
చంద్రమతి సంగతి భలే అడిగారు.

పార్వతీపురం కుర్రోడు:
అబ్రాహాము కత్తి ఎత్తితే దూత ఆపాడు. ఇక్కడా కత్తి ఎత్తాకే దేవుడొచ్చాడు. రెండూ ఒకటే కదా.

పద్యాలపిచ్చి:
ఎలా ఒకటవుతాయి తమ్ముడూ? అక్కడ ఇస్సాకుకి బదులు పొట్టేలు బలైంది. బదులు బలి కావాలంటే ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం చదువు. అందులో హరిశ్చంద్రుడు కొడుకుని వరుణుడికి బలిస్తానని మొక్కుకుంటాడు. ఆ కొడుకు రోహితుడు నూరు ఆవులిచ్చి శునశ్శేపుణ్ణి తన బదులు కొనితెస్తాడు. నాటకంలో ఆ కథే లేదు.

చంపావతి:
మేష్టారూ, మీరు కథ దగ్గరే ఆగిపోయారు. కాటి సీనులో జనం వన్స్‌మోర్ కొట్టే పద్యాలు ఎవరివి? జాషువావి. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో అవి లేవు, నటులు తెచ్చి కలిపారు. ఆ జాషువాకే ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. శ్మశానంలో అంటరానితనానికి తావు లేదన్న ఆయన పద్యానికి ఈలలేస్తారు, అక్కడ నాకు క్రీస్తు కనబడ్డాడంటే కోపమొస్తుంది.

పద్యాలపిచ్చి:
ఆ పద్యాలు నాకూ నోటికి వచ్చు. ఆయన శ్మశానం గురించి రాశాడు, సిలువ మాట అందులో లేదు.

రాజాం రంగస్థలం:
నేను హరిశ్చంద్ర వేషం కడతాను. క్రైస్తవుణ్ణి. తాళిబొట్టు చూసి పెళ్ళాన్ని గుర్తుపట్టాక కూడా, చచ్చిన కొడుక్కి కాటిసుంకం అడగాలి. అక్కడ హార్మోనియం ఆపించేస్తాను, ఉత్త గొంతుతో అడుగుతాను. ఒక ఊళ్ళో మేకప్ అయ్యాక, మతం పుచ్చుకున్నోడికి ఈ వేషమేటని కమిటీవాళ్ళు దింపేశారు. ఇటు చూస్తే, బొట్టు పెట్టుకున్నానని మా సంఘంలో ప్రభువు బల్లకి, అదే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునేదానికి, రావద్దన్నారు. మీరేమో శునశ్శేపుడి గురించి కొట్టుకుంటున్నారు.

నాగావళి ఒడ్డు:
అన్నా, చాలా అన్యాయం.

పద్యాలపిచ్చి:
మిమ్మల్ని దింపడం దుర్మార్గం. కానీ నా కడుపుమంట కూడా వినండి. మా తాత కట్టిన నాటక సమాజం మాది. మా హార్మోనిస్టు సంఘంలో చేరాడు. నాటకాలు సైతాను పని అన్నారట, పెట్టె మూసేశాడు. అలాంటి చెయ్యి మళ్ళీ దొరకలేదు, సమాజం ఆగిపోయింది. ఆడనివ్వనివాళ్ళే ఇవాళ ఇందులో క్రీస్తున్నాడంటే ఎలా ఊరుకోను?

చంపావతి:
అదీ అసలు సంగతి! పొద్దున్నుంచీ పురాణం చెప్పే బదులు ముందే అనాల్సింది. ఆయన్ని మాన్పించినవాళ్ళ మీద నాకూ కోపమే. మా పాస్టరుగారి లాంటివాళ్ళు నోరు తెరిస్తేనే అలాంటివాళ్ళు పెట్టె దగ్గరికి తిరిగొస్తారు.

పద్యాలపిచ్చి:
అంటే క్రీస్తు ఉన్నాడని పాస్టరుగారు చెబితేనే హరిశ్చంద్రుణ్ణి చూడొచ్చా? హరిశ్చంద్రుడిగా చూడ్డానికి రారా?

చంపావతి:
నేను చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. నా కంటికి ఏం కనబడాలో మీరు చెబుతారా?

రాజాం రంగస్థలం:
సుంకం అడిగేటప్పుడు నా మనసులో సిలువే ఉంటుంది మేష్టారూ. పద్యం మాత్రం మీ తాతగారి కాలంలో ఎలా పాడారో అలాగే పాడతాను. మీ హార్మోనిస్టు ఏ ఊళ్ళో ఉన్నారో చెప్పండి, నేనెళ్ళి అడుగుతాను.