మింట్‌కు విండోస్ వేషం కట్టవచ్చా?

బాలాజీ కాలనీ నెట్ సెంటర్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో నాది ఐదు సిస్టమ్‌ల చిన్న నెట్ సెంటర్. అన్నీ నాలుగో తరం ఐ3లు, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అంటున్నారు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా కావాలట. ఐదూ కొత్తవి కొనే స్తోమత నాకు లేదు. అందుకే మూడింటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. నా దగ్గర జరిగే పని దాదాపు అంతా బ్రౌజర్‌లోనే. కొండ మీద రూములు, 300 రూపాయల దర్శనం టికెట్లు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్, ఉద్యోగాల అప్లికేషన్లు, అంతే.

మా బావమరిది ఉత్సాహం కొద్దీ ఆ మూడింటికీ విండోస్ 10 థీమ్ వేశాడు. అదే వాల్‌పేపర్, అవే ఐకాన్లు, మూలన అదే కిటికీ బొమ్మ. రెండు వారాలు ఎవరూ గుర్తుపట్టలేదు. మూడో వారంలో ఒక డిగ్రీ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో ఈఎక్స్ఈ ఫైలు (విండోస్ ప్రోగ్రాము) ఒకటి తెచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోలేదు. "అన్నా, మీ విండోస్ పాడైనట్టుంది" అంది. ఇది విండోస్ కాదమ్మా అన్నాను. "మరి అట్లా ఎందుకు పెట్టినారు?" అని అడిగింది. నేను నోరు మూసుకున్నాను.

ఆ వేషం ఉంచాలా, తీసేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రేణిగుంట బావమరిది:
ఆ బావమరిదిని నేనే. బావ సగమే చెప్పాడు. మొదటి మూడు రోజులు మింట్ ఎలా వచ్చిందో అలాగే ఉంచాం. వచ్చినవాళ్లు కూర్చుని, మూలన మింట్ గుర్తు చూసి లేచేవాళ్లు. విండోస్ సిస్టమ్ ఖాళీ అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు. ఓపిక లేనివాళ్లు ఎదురు షాపుకు పోయినారు. థీమ్ మార్చిన మర్నాడు ఐదూ నిండినాయి. ఆ రోజు మా బావ నాకు బిర్యానీ తెప్పించాడు, అది ఇక్కడ రాయలేదు చూడండి. కూర్చున్న మనిషికి పని అయితే చాలు. లోపల ఏ కెర్నల్ ఉంటే ఏంది?

గ్రీమ్స్‌పేట మాస్టారు:
చిత్తూరు నుంచి, రిటైర్డ్ లెక్కల మాస్టారిని. నాయనా, ఇక్కడ రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. బార్ కింద ఉండటం, మెనూ ఎడమ మూలన ఉండటం, గడియారం కుడి వైపు ఉండటం, ఇవి చేతికి అలవాటైన అమరికలు. మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ పుట్టుకతోనే అలా ఉంటుంది. అందులో దోషం లేదు. ఇంకాస్త దగ్గరగా కావాలంటే ఐకాన్ల సైజు పెంచండి, రంగు మార్చండి, అదీ మీ ఇష్టం. కానీ ఆ కిటికీ గుర్తు అమరిక కాదు, అది ఒకరి బోర్డు. ఒక పేరుతో బోర్డు కట్టి లోపల ఇంకో సరుకు పెడితే, సరుకు మంచిదైనా సరే, మొదటిసారి తేడా కనిపించగానే నింద దుకాణదారుడి మీదికే వస్తుంది. ఆ అమ్మాయి మీ సిస్టమ్ పాడైందనే కదా అనుకుంది? మింట్ అన్ని రోజులు చక్కగా పనిచేసిన పేరు విండోస్‌కు పోయింది. ఒక్క ఫైలు తెరుచుకోని పాపం మాత్రం మీకు మిగిలింది.

ఈ వేషాల ముచ్చట కొత్తదేమీ కాదు. 2001లో లిండోస్ అని ఒక లినక్స్ మొదలైంది, విండోస్ ప్రోగ్రాములు ఇందులోనే నడిపిస్తామన్నారు. పేరు మీద మైక్రోసాఫ్ట్ కోర్టుకు ఎక్కింది. చివరికి 2004లో 2 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది, వాళ్లు లిన్‌స్పైర్ అని పేరు మార్చుకున్నారు. మీకు ఎవరూ 2 కోట్లు ఇవ్వరు కాబట్టి బొమ్మ తీసేయండి.

కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు చెబుతున్నారు. ఏ వేషమూ లేకుండానే పిల్లలు నేర్చుకుంటున్నారు.

రేణిగుంట బావమరిది:
మాస్టారూ, బడిలో పిల్లవాడికి వేరే సిస్టమ్ ఉండదు. మాకు ఎదురు షాపు ఉంది. పది అడుగుల దూరం.

తిలక్ రోడ్ డీటీపీ:
వేషం సంగతి నాకు అక్కర్లేదు, సరుకు సంగతి చెప్పండి. మాది పెళ్లిపత్రికలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు. అన్నీ అను ఫాంట్లలో. 2001లో వచ్చిన, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 మీదే ఇప్పటికీ మా సంసారం నడుస్తోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: అనులో మీకు స్క్రీన్ మీద కనిపించే "అ", కంప్యూటర్ లెక్కలో "అ" కాదు. ఏదో ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చోబెట్టిన బొమ్మ. ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే అంతా పిచ్చి గీతలు. మా దగ్గర ఇరవై ఏళ్ల ఫైళ్లు అలాగే ఉన్నాయి. పెద్దమ్మాయి పెళ్లికి వేసిన పత్రికే చిన్నమ్మాయికీ కావాలని వస్తారు, పేర్లూ ముహూర్తమూ మార్చి ఇవ్వాలి, అదీ సాయంత్రంలోగా. అందుకని ఉచితం, స్వేచ్ఛ అనే మాటలు మా దగ్గర చెల్లవు.

గ్రీమ్స్‌పేట మాస్టారు:
ఒప్పుకుంటాను. మీ షాపు మారనక్కర్లేదు. అయితే కొత్త పని యూనికోడ్‌లో, అంటే "అ"ను "అ"గానే దాచే పద్ధతిలో, మొదలుపెడితే నష్టమేముంది? పేజ్‌మేకర్ లాంటి ఉచిత ప్రోగ్రాము స్క్రైబస్‌లో 1.6 నుంచి వత్తులు, గుణింతాలు కలిసే లిపులకు సపోర్ట్ వచ్చింది. మింట్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాము పెట్టుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది.

తిలక్ రోడ్ డీటీపీ:
నష్టం ఏమిటంటే మా కుర్రాడి వేళ్లు. అను కీబోర్డు మీద కళ్లు మూసుకుని కొడతాడు. ఇంకోటి నేర్చుకోమంటే వేరే షాపులో చేరతాడు.

టెర్మినల్ తంబి:
అన్నా, మింట్ ఎందుకు? ఆర్చ్ అనే ఇంకో లినక్స్ వేసి, దాని మీద హైపర్‌ల్యాండ్ డెస్క్‌టాప్ పెట్టండి. బార్ లేదు, ఐకాన్లు లేవు, మౌస్ కూడా అక్కర్లేదు, అన్నీ కీబోర్డుతోనే. నా సెటప్‌కు సెమిస్టర్ సెలవులు మొత్తం పట్టాయి కానీ అదిరిపోయింది. ఎస్వీయూ హాస్టల్లో అందరూ వచ్చి చూసి పోతున్నారు.

తిలక్ రోడ్ డీటీపీ:
చూసి పోతున్నారు, బాగుంది. కూర్చుని ఒక్కరైనా ప్రింటు తీసినారా?

ఎస్ఎస్‌డీ సామి:
రిపేర్ షాపు నాది. ఇంత చర్చలో హార్డ్‌డిస్క్ గురించి ఎవరూ అడగలేదు. పాత తిరిగే డిస్కు అయితే విండోస్ వేసినా, మింట్ వేసినా నత్తే. ముందు 240 జీబీ ఎస్ఎస్‌డీ వేయించు, ఆ తర్వాత సిద్ధాంతాలు. 4 జీబీ ర్యామ్‌కు సినమన్ కన్నా మింట్‌లోనే ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ తేలిక. పిండి కొద్దీ రొట్టె.

ఇంకోటి. ఒకే సిస్టమ్‌లో రెండూ పెట్టుకునేవాళ్లు గడియారం చూసుకోండి. లినక్స్ మదర్‌బోర్డులోని గడియారాన్ని గ్రీనిచ్ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. సరిగ్గా అయిదున్నర గంటల తేడా. ఒకాయన దర్శనం టికెట్లు పది గంటలకు వదులుతారని కాచుక్కూర్చున్నాడు, స్క్రీన్ మీద నాలుగున్నర అయింది. సెల్‌ఫోన్ చూసేసరికి టికెట్లు అయిపోయాయి. బోర్డులో బ్యాటరీ పోయిందని నా దగ్గరికి తెచ్చాడు.

బాలాజీ కాలనీ నెట్ సెంటర్:
అందరికీ థాంక్స్. వారం గడిచింది, ఏం జరిగిందో చెబుతా. ఎస్ఎస్‌డీలు రెండింటికి వేయించాను, సామి మాట నిజం. ప్రింటర్ మాత్రం సతాయిస్తోంది. నా పాత లేజర్‌కు లినక్స్‌లో డ్రైవర్ కుదరలేదు. పీడీఎఫ్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో వేసి విండోస్ సిస్టమ్ నుంచి ప్రింటు కొడుతున్నాను. లేచి నడవడం తప్ప ఇబ్బంది లేదు.

అసలు సంగతి ఇంకోటి. రోజూ రాత్రి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో జనాల ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు మిగిలిపోయేవి. నేనే కూర్చుని తీసేసేవాడిని. మింట్‌లో లాగిన్ విండో సెట్టింగ్స్‌లో గెస్ట్ సెషన్ అని ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేశాను. కస్టమర్ లేచి లాగవుట్ కొట్టగానే అతను దించినవన్నీ పోతాయి. ఇది నాకు థీమ్ కన్నా వెయ్యి రెట్లు పనికొచ్చింది. ఒక పెద్దాయన నింపిన ఫారం పెన్‌డ్రైవ్‌లో వేసుకోకుండా లాగవుట్ చేసి నన్ను తిట్టాడనుకోండి. ఇప్పుడు ప్రతి మానిటర్ కింద "లేచే ముందు సేవ్ చేసుకోండి" అని కాగితం అతికించాను.

తమాషా ఏమిటంటే, గెస్ట్‌గా లాగిన్ అయితే బావమరిది వేసిన వేషం రాదు. అది నా యూజర్‌కే వేసినాడు. మళ్లీ మింట్ గుర్తే కనిపిస్తోంది. ఇద్దరు లేచిపోయారు, మిగతావాళ్లు కూర్చున్నారు.

టెర్మినల్ తంబి:
అన్నా, గెస్ట్ కోసం ఒక నమూనా ఫోల్డర్ పెట్టుకోవచ్చు. అందులో ఏం ఉంచితే ప్రతి గెస్ట్‌కూ అదే వస్తుంది. దర్శనం, కౌన్సెలింగ్, అప్లికేషన్ల సైట్లకు పెద్ద పెద్ద షార్ట్‌కట్లు డెస్క్‌టాప్ మీద తెలుగు పేర్లతో వచ్చేలా చేయండి. స్క్రీన్ మీద తన పని పేరు కనిపిస్తే మూలన ఉన్న గుర్తు ఎవరూ చూడరు. శనివారం నేను వచ్చి చేసిస్తా.

గ్రీమ్స్‌పేట మాస్టారు:
తంబీ, ఇంతసేపూ ఎక్కడున్నావయ్యా!

రేణిగుంట బావమరిది:
ఆ ఫోల్డర్‌లోనే నా థీమ్ కూడా పడేయొచ్చా తంబీ? కిటికీ బొమ్మ తీసేస్తాలే. వాల్‌పేపర్ ఒక్కటీ ఉంచుకుంటా.

బాలాజీ కాలనీ నెట్ సెంటర్:
తంబీ, శనివారం పదకొండు తర్వాత రా. మా బావమరిది ఆ రోజు ఊళ్లో ఉండడు.