వండూరు పగడపు దిబ్బలు: పెద్దవారితో వెళ్లవచ్చా?

ప్రశ్న (గాజువాక నుంచి):
అండమాన్‌లో వండూరు అనే ఊరి దగ్గరున్న మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానాన్ని మా అమ్మానాన్నలకు చూపించాలనుకుంటున్నాను. ఈత రానివారు పగడాలను చూడగలరా? విశాఖ నుంచి ఓడలో వెళ్లడం మంచిదా? దయచేసి తెలియజేయగలరు.

సమాధానం (భీమిలి నుంచి):
తప్పక తీసుకువెళ్లండి. అడుగున అద్దం అమర్చిన పడవలో కూర్చునే పగడాలను చూడవచ్చు. 1983లో ఏర్పడిన ఈ ఉద్యానంలో 15 దీవులున్నా, సందర్శకులను జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకే, అదీ కాలాన్ని బట్టి ఏదో ఒకదానికే అనుమతిస్తారు కాబట్టి, ఒడ్డుదాకా దట్టంగా అల్లుకున్న అడవినీ తేటనీటినీ కలిపి చూడాలంటే చలికాలంలో, జాలీబాయ్ తెరిచి ఉన్నప్పుడు వెళ్లడమే ఉత్తమమని నా అభిప్రాయం.

సమాధానం (ఎంవీపీ కాలనీ నుంచి):
ఓడ ప్రయాణానికి రెండు రోజులకు పైగా పడుతుంది; పెద్దవారికి విమానమే మేలు. పగడాలు రాళ్లు కావు, ప్రాణమున్న జీవుల సమూహాలు. లోతు తక్కువైన చోట వాటిపై కాలు మోపవద్దని మనవి. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి. జాలీబాయ్‌కి ప్లాస్టిక్ సీసాలను అనుమతించరు, స్టీలు సీసాలో నీళ్లు తీసుకువెళ్లండి.