రకీమ్ పాటలు ఏ వరసలో వినాలి?
హిప్‌హాప్ బాగా వినేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. డీజే ఎరిక్ బి, ర్యాపర్ రకీమ్ కలిసి 1987లో చేసిన పెయిడ్ ఇన్ ఫుల్ ఆల్బమ్ ఈమధ్య వదలకుండా వింటున్నా, రకీమ్ అరుపులేం లేకుండా అంత నింపాదిగా చెప్తూనే లైన్ చివరే కాదు మధ్యలో కూడా ప్రాసలు పేర్చుకుంటూ పోతాడు, శాక్సోఫోన్ వాయించేవాడు కదా, జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ప్రభావం తన మీద ఉందని ఆయనే చెప్పాడు, అది ఏ పాటలో బాగా తెలుస్తుంది? నాస్, ఎమినెమ్ లాంటి ర్యాపర్ల మీద ఈయన ముద్ర పట్టుకోవాలంటే ఏవి పక్కపక్కన పెట్టి వినాలి? నాకైతే ర్యాప్ రాసే పద్ధతినే మార్చేశాడనిపిస్తోంది. నెక్స్ట్ వాళ్ళిద్దరి 1988 ఆల్బమ్ ఫాలో ద లీడర్ వినాలా, లేక డైరెక్ట్‌గా 1997 సోలో ఆల్బమ్‌కి వెళ్ళిపోవచ్చా? స్లాంగ్ చాలాచోట్ల అర్థం కావట్లేదు, లైన్ లైన్‌కీ వివరించే వీడియోలు ఉన్నా పంపండి.