పర్లాకిమిడిలో చూసిన ఈ సింగర్ మిషన్ అసలుదేనా?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇక్కడ కుట్టు మిషన్లు బాగుచేసే ఒకాయన దగ్గర పాత సింగర్ కాలి మిషన్ అమ్మకానికి ఉంది. ఆరున్నర వేలు చెబుతున్నారు. స్కాట్లాండ్‌లో తయారైందట. అమ్మ కోసం కొనాలని ఉంది.

కింది దారం చుట్టి పెట్టే బాబిన్ కేసు నిలువుగా, ఎడమ వైపు నుంచి ఎక్కుతుంది. దారం టెన్షన్ సరిచేసే మర కూడా ఎడమ చివరే ఉంది. సూదిలోకి దారం కుడి నుంచి ఎడమకి ఎక్కించాలి. ఇవన్నీ సింగర్ 15 రకం లక్షణాలే. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో ఇదే నమూనాకి బోలెడన్ని నకళ్లు వచ్చాయి. అందుకే ఇంతమాత్రానికే డబ్బు పెట్టలేను.

మిషన్ సీరియల్ నంబరు కుడి పక్కన, అడుగు పలక మీద ఉంది. ముందు ఈ, ఎఫ్ అక్షరాలు కనిపిస్తున్నాయి, అంకెలు కొత్త రంగు కింద పూడిపోయాయి. ఈ అక్షరాలు స్కాట్లాండ్‌లో 1980లో మూతపడిన సింగర్ వాళ్ల క్లైడ్‌బ్యాంక్ కర్మాగారానివేనా? బంగారు రంగు పూలు మాత్రం నిన్న అతికించినట్టు మెరుస్తున్నాయి. రంగు కొత్తదైనా నాకేం బాధ లేదు. చక్రం తిప్పితే ఎంత మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగిందో! పాత ఇనుముని అలా నిలబెట్టిన ఆయన పనితనం నాకు చాలా నచ్చింది.

రంగు చెడకుండా ఆ అంకెలు చదివే ఉపాయం ఏమైనా ఉందా? సింగర్ విడిభాగాల మీద సిమాంకో అనే ముద్ర ఉంటుంది కదా, దాని కోసం ముందు ఏ భాగం విప్పి చూడమనాలి? తెలిసినవాళ్లు చెప్పండి, ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.