డర్స్ట్ ఎం605 మిక్సింగ్ బాక్స్: పసుపెక్కిన థర్మాకోల్, చీలిన పాల పలక

గవర్నర్‌పేట_నెగెటివ్
నమస్కారం. మూతపడిన ఒక స్టూడియో నుంచి డర్స్ట్ ఎం605 కలర్ ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితంపై ప్రింటు వేసే యంత్రం) కొన్నాను. హాలోజన్ దీపం, ఫిల్టర్ డయల్స్ బాగానే ఉన్నాయి గాని, దీపం వెలుగును కలిపి నెగెటివ్ మీదికి సమంగా పంపే మిక్సింగ్ బాక్స్ లోపలి థర్మాకోల్ పాత వార్తాపత్రికలా పసుపెక్కింది, అడుగున ఉండే తెల్లని పాల పలక మూల నుంచి మధ్య దాకా చీలింది. ఫిల్టర్ రంగును బట్టి కాంట్రాస్టు (తెలుపు నలుపుల తేడా) మారే మల్టీగ్రేడ్ కాగితంపై, కాంట్రాస్టు పెంచే మెజెంటా ఫిల్టర్‌ను చివరి దాకా తిప్పినా నలుపు గట్టిపడటం లేదు. నా సందేహాలు మూడు. పలక గాజుది వేయాలా, ఎక్రిలిక్‌ది వేయాలా? థర్మాకోల్‌ను శుభ్రం చేయాలా, మార్చాలా? నా దగ్గరున్నది 6×6 సెంటీమీటర్ల నెగెటివ్‌లకు చేసిన బాక్స్ కనుక దానితోనే 35 ఎం.ఎం. నెగెటివ్‌లు వేయవచ్చా?

సికింద్రాబాద్_కండెన్సర్
ముప్పై అయిదేళ్లు స్టూడియో డార్క్‌రూమ్‌లో నిలబడినవాడిగా చెబుతున్నాను. ఆ డబ్బాకు వైద్యం చేయించడం కన్నా కటకాలతో వెలుగును సూటిగా పంపే కండెన్సర్ ఎన్‌లార్జర్ ఒకటి వెతుక్కోవడం మేలు. పాల పలక గుండా వచ్చిన వెలుగులో ప్రింటు చప్పగా ఉంటుంది. పాస్‌పోర్టు ఫొటోల నుంచి పెళ్లి గ్రూపుల దాకా నేను వేసినవన్నీ కండెన్సర్ మీద వేసినవే, వాటిలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

వాల్తేరు_పాలగాజు
అయ్యా, అడిగినవారి ఇంట్లో కండెన్సర్ లేదు. నలుపు గట్టిపడకపోవడానికి కారణం డిఫ్యూజన్ (పలక వెలుగును చెదరగొట్టడం) కాదు, ఆ పసుపు. మల్టీగ్రేడ్ కాగితంలో గట్టి కాంట్రాస్టును తెచ్చేది నీలి కాంతి, మెత్తని కాంట్రాస్టును తెచ్చేది ఆకుపచ్చ కాంతి. పసుపెక్కిన గోడలు నీలాన్ని మింగి ఆకుపచ్చను తిప్పి పంపుతాయి కనుక, మీరు పైన మెజెంటా తిప్పుతుంటే కింద ఆ బాక్స్ మీకు తెలియకుండా పసుపు ఫిల్టర్ వేస్తోంది. వేడికీ అతినీలలోహిత కిరణాలకూ పాలిస్టైరీన్, అంటే థర్మాకోల్, ఇలాగే అవుతుంది. అది తుడిస్తే పోయే మురికి కాదు, లోపలికి దిగిన రంగు. మార్చవలసిందే.

పలక విషయంలో ఒక్క మాట. గరుకు గాజు మాత్రం వేయవద్దు. అది వెలుగును కొద్ది కోణంలోనే చెదరగొడుతుంది కనుక ప్రింటు మధ్యభాగం అంచుల కన్నా ముదురుగా వస్తుంది. లోపలంతా పాలరంగు నిండిన పలకే కావాలి.

రాణిగంజ్_రిపేరు
నేమ్‌బోర్డులు చేసే దుకాణంలో 3 ఎం.ఎం. ఓపల్ (పాలరంగు) ఎక్రిలిక్ ముక్క అడగండి, చిల్లర ధరకే ఇస్తారు. దాన్ని వెలుగుతున్న బల్బుకు అడ్డం పెట్టి చూసినప్పుడు బల్బు ఆకారం కనబడితే ఆ ముక్క పనికిరాదు, పలకంతా ఒకే తీరుగా వెలిగితే పనికొస్తుంది. ఎక్రిలిక్ వేడికి మెత్తబడి వంగుతుంది కనుక 12 వోల్టుల 100 వాట్ల దీపం ముందు ఉండవలసిన వేడిని ఆపే గాజు తన చోట ఉందో లేదో ముందు చూసుకోండి. కోసిన అంచులను స్పిరిట్‌తో తుడవవద్దు, వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. సబ్బునీళ్లు చాలు. థర్మాకోల్‌ను మార్చే శ్రమ కూడా అక్కరలేదు. నేను నా బాక్స్ లోపల ఇంటి సీలింగుకు వేసే తెల్లరంగు రెండు పూతలు వేశాను, ఆరేళ్లుగా పనిచేస్తోంది.

గుంటూరు_ఫిక్సర్
థిన్నర్ సంగతి కూడా చెప్పండి మహాశయా! నేను పసుపు పోతుందని థర్మాకోల్‌ను థిన్నర్ గుడ్డతో తుడిచాను. నా కళ్ల ముందే అది వేడి పెనం మీద వెన్నలా కరిగి, గోడ స్థానంలో గుంట మిగిలింది. ఎనామిల్ పెయింటు కూడా అంతే, అందులోనూ థిన్నరే ఉంటుంది.

ఆప్టిక్స్_విద్యార్థి
సీలింగు రంగును సిఫారసు చేయడం బాధ్యతారాహిత్యం. ఆ తెలుపు టైటానియం డయాక్సైడ్ వల్ల వస్తుంది. అది ఊదారంగు అంచున, సుమారు 400 నానోమీటర్ల దగ్గర నుంచి కిందికి కాంతిని తినేస్తుంది. వెలుగును కొలిచే గోళాల లోపల బేరియం సల్ఫేట్ పూయడం ఊరకనే కాదు.

రాణిగంజ్_రిపేరు
బాధ్యతారాహిత్యమా? మీరు ఇంతవరకు ఎన్ని మిక్సింగ్ బాక్సులు విప్పారో ముందు సెలవివ్వండి.

ఆప్టిక్స్_విద్యార్థి
విప్పిన బాక్సుల లెక్కతో భౌతికశాస్త్రం మారదు. మీ కంటికి తెల్లగా కనబడినది కాగితానికి తెల్లన కాదు.

వాల్తేరు_పాలగాజు
ఇద్దరూ కాస్త ఆగండి. విద్యార్థిగారు చెప్పిన గుణం నిజమే గాని, హాలోజన్ దీపం 400 నానోమీటర్లకు కింద ఇచ్చేదే బహు స్వల్పం, ఆ స్వల్పంలోనూ దారిలోని గాజులూ లెన్సూ కొంత ఆపేస్తాయి. కాగితానికి కావలసిన నీలంలో ఎక్కువ భాగం ఆ గీతకు పైనే ఉంది, అక్కడ సీలింగు తెలుపు చక్కగానే తిప్పి పంపుతుంది. నీళ్లతో కలిపే రంగు, ఏ మాత్రం మెరుపు లేనిది అయితే చాలు. అయినా కొత్త థర్మాకోల్ షీటు కారుచౌకగా దొరుకుతుండగా రంగు గురించి ఈ యుద్ధం ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

సికింద్రాబాద్_కండెన్సర్
బేరియం సల్ఫేట్ అంటే మన ఫైబర్ కాగితంలో ఎమల్షన్ (కాంతికి స్పందించే పొర) కింద ఉండే బెరైటా పూతే కదా. ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ కాగితం వాడిన రోజుల్లో గ్రేడు (కాంట్రాస్టు అంకె) కాగితం పెట్టె మీదే ఉండేది, డబ్బా గోడల రంగు గురించి ఎవరూ కొట్టుకోలేదు. డిఫ్యూజన్‌లో పదును పోతుందన్న నా మాటకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

ఎడిసన్_ఎన్‌లార్జర్
న్యూజెర్సీ నుంచి నేను ఇస్తాను. పోయేది పదును కాదు, కాంట్రాస్టు. నెగెటివ్‌లోని వెండి రేణువులు కండెన్సర్ నుంచి సూటిగా వచ్చిన వెలుగును పక్కలకు చెదరగొడతాయి, దట్టమైన చోట ఎక్కువగా చెదరగొడతాయి కనుక తేడా పెరిగి కనబడుతుంది. అన్ని వైపుల నుంచీ వచ్చే వెలుగుకు ఆ తేడా లేదు. కాలియే అనే పరిశోధకుడు 1909లో వివరించినది ఇదే. లెక్కకు సుమారు ఒక గ్రేడు. నెగెటివ్‌ను కొంచెం ఎక్కువసేపు డెవలప్ చేస్తే అది సరిపోతుంది. కలర్ నెగెటివ్‌లో వెండి ఉండదు, రంగులే ఉంటాయి కనుక అక్కడ ఈ తేడా దాదాపు కనబడదు. పైగా డిఫ్యూజన్‌లో దుమ్మూ గీతలూ సగం మాయమవుతాయి. కండెన్సర్ ప్రింట్లకు మచ్చలు దిద్దడానికి మీరు ఎన్ని కుంచెలు అరగదీశారో మీకే తెలియాలి.

సికింద్రాబాద్_కండెన్సర్
కుంచె పట్టడం కూడా విద్యే నాయనా. అది చేతకానివారే దుమ్మును దాచే డబ్బాలు కొనుక్కుంటారు.

గవర్నర్‌పేట_నెగెటివ్
పెద్దలు మన్నించాలి. కొత్త థర్మాకోల్‌ను ఫెవికాల్‌తో అతికించి, ఓపల్ ఎక్రిలిక్ వేశాను. నలుపు వచ్చింది, పాత సమయంలో మూడింట రెండు వంతులకే వచ్చింది. అయితే నెగెటివ్ లేకుండా లేత బూడిదరంగు ప్రింటు వేసి చూస్తే ఒక మూల తెల్లబడి ఉంది.

వాల్తేరు_పాలగాజు
లెన్సు రంధ్రాన్ని రెండు స్టాపులు (మెట్లు) మూసి, బాక్స్‌ను అడ్డంగా తిప్పి మళ్లీ వేయండి. తెల్లని మూల కూడా తిరిగితే తప్పు బాక్స్‌ది. తిరగకపోతే లెన్సునూ, దీపం అమరికనూ అనుమానించండి.

గవర్నర్‌పేట_నెగెటివ్
తిరిగింది. విప్పి చూస్తే ఆ మూల థర్మాకోల్ అతుకు లేచి వెనుక నల్లని గోడ కనబడుతోంది. ఇంతకీ నా 35 ఎం.ఎం. ప్రశ్న ఏమైంది?

సికింద్రాబాద్_కండెన్సర్
నిరభ్యంతరంగా వేయవచ్చు. 35 ఎం.ఎం. నెగెటివ్ వైశాల్యం 6×6లో నాలుగో వంతు పైచిలుకే కనుక మిగిలిన వెలుగు వృథా అవుతుంది, ఎక్స్‌పోజర్ పెంచుకోవాలి. అదే కండెన్సర్ అయితే కటకాలు మార్చుకోవలసి వచ్చేది. నా చేత ఇంతకు మించి చెప్పించవద్దు.