తాత బూడిద అడవిలో చల్లొచ్చా?

మా తాత పోయిన నెల పోయారు, 91 ఏళ్లు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చేదాకా ఏటూరునాగారం అడవిలో వేటాడిన మనిషి. తర్వాత తుపాకీ ముట్టలేదు. కానీ అప్పట్లో మంచె కట్టుకున్న ఇప్పచెట్టు దగ్గరికి ఏటా వెళ్లి, దాని మొదలు దగ్గర ఒక చుట్ట పెట్టి వచ్చేవారు. "నన్నూ అక్కడే చల్లండిరా" అన్నారు. ఎముకలు గోదావరిలో కలిపాం. బూడిద మాత్రం గుడ్డమూటలో పెరటి వేపకొమ్మకు వేలాడుతోంది. ఫారెస్టోళ్లు పట్టుకుంటారని నాన్నకు టెన్షన్.

జవాబు 1: అది అభయారణ్యం కదా, అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే తప్పు. రేంజ్ ఆఫీసులో కాగితం రాసిచ్చి అడగండి. అగరుబత్తి, దీపం వద్దు, ఎండుటాకు అంటుకుంటుంది.

జవాబు 2: నేనుండేది టెక్సాస్. పక్కింటి పెద్దాయన బూడిదను కొడుకులు తూటాల్లో నింపించి, సెప్టెంబర్ 1న పావురాల వేట మొదలైన పొద్దున పేల్చారు. అలబామాలో 2011 నుంచి ఇదే పని చేసే కంపెనీ ఉందట! మొదట నవ్వొచ్చింది. వాళ్లు టోపీలు తీసి నిలబడ్డాక రాలేదు.

జవాబు 3: బూడిదలో క్షారం ఎక్కువ, కుప్పగా పోస్తే వేర్లు దెబ్బతింటాయి. పిడికెడు తీసుకెళ్లి పలచగా చల్లండి, మిగతాది గోదావరికే.

అడిగినవారు: రేంజర్‌ను కలిశాం. పిడికెడుకు సరేనన్నారు, వాచర్‌ను తోడు పంపిస్తారట. చుట్ట గురించి కూడా అడిగాను. పెట్టండి, వెలిగించకండి అన్నారు.