పాత మోటార్ యాట్‌లో నిచ్చెన తీసి మెట్లు పెట్టించినవాళ్లున్నారా?

సైనిక్‌పురి_శ్రీను: స్నేహితులం కలిసి కొన్న పాత ఫైబర్ యాట్ కొచ్చిలో, బోల్గాట్టి మరీనాలో ఉంటుంది. పై డెక్‌కి నిటారు నిచ్చెన ఒక్కటే దారి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఆయన్ని కింద ఒంటరిగా వదిలి పైన కూర్చోవాలంటే మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తార్నాక_రఘు: మేం చేయించాం అండీ. ముందు జాగా కొలవండి. రెండు మీటర్ల ఎత్తుకి 75 డిగ్రీల నిచ్చెన అయితే కింద 54 సెంటీమీటర్లు చాలు. 60 డిగ్రీల మెట్లకు 115 కావాలి. అసలు చిక్కు పైన ఉంటుంది. మెట్లు ఏటవాలుగా వస్తే హ్యాచ్ (పై డెక్‌లో ఎక్కే కంత) కూడా పొడవు పెంచాలి, లేకపోతే ఎక్కే ప్రతివాళ్లకీ తల తగులుతుంది. అక్కడ దూలం అడ్డొస్తే పడవలు తనిఖీ చేసే సర్వేయర్‌ని అడగకుండా రంపం పెట్టకండి.

లక్ష్మి_కూకట్‌పల్లి: కోసిన అంచు సంగతి మర్చిపోవద్దు! పాత డెక్‌లు చాలావాటిలో రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా అనే తేలికపాటి చెక్క ఉంటుంది. అంచు తెరిచి వదిలేస్తే నీళ్లు పీల్చి లోపలే కుళ్లిపోతుంది, పైకి ఏమీ కనపడదు. అంచు వెంట చెక్కను ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి తవ్వి, చిక్కటి ఎపాక్సీ జిగురు నింపాలి. బోల్టు కన్నాలకీ ఇదే పద్ధతి: పెద్దగా తొలిచి, నింపి, ఆరాక మళ్లీ సరైన సైజులో తొలవాలి. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

బాలానగర్_ఫాబ్: స్టెయిన్‌లెస్ స్టీల్ 316 గ్రేడే అడగండి. రెయిలింగ్‌లకు మామూలుగా వాడే 202, 304 ఉప్పుగాలికి తుప్పు మచ్చలు పడతాయి. అయస్కాంతంతో 304కీ 316కీ తేడా తెలియదు. 316లో కలిపే మాలిబ్డినం అనే లోహం ఉందో లేదో చూసే చుక్కల మందు దొరుకుతుంది, పైపు కోయకముందే వేసి చూడండి. ఇక్కడ హైదరాబాద్‌లో చేయించి లారీలో పంపేటట్లయితే, ముందు ప్లైవుడ్‌తో నమూనా చేసి పడవలో నిలబెట్టండి. నాన్నగారితోనే ఎక్కించి చూడండి.

తార్నాక_రఘు: అవును, రెండువైపులా పట్టుకోవడానికి పైపులు ఉండాలి. దిగేటప్పుడు మాత్రం మెట్ల వైపు తిరిగే దిగమనండి. ఇంకో మాట శ్రీను గారూ, ఎక్కడం తేలికైతే అందరూ పైకే చేరతారు. పైన బరువు పెరిగితే పడవ ఎక్కువ ఒరుగుతుంది. పైన ఎంతమంది ఉండొచ్చో సర్వేయర్‌తో రాయించుకుని, మెట్ల దగ్గరే అంటించండి.

సైనిక్‌పురి_శ్రీను: ఈ బరువు సంగతి మాకు తట్టనే లేదు రఘు గారూ, చాలా థ్యాంక్స్. ముందు సర్వేయర్‌కి ఫోన్ చేస్తాను. బాలానగర్ అన్నా, ప్లైవుడ్ నమూనా కొలతలు తెస్తాను, షాపు ఆదివారం తెరిచి ఉంటుందా?